పాత వేట తుపాకికి అసలైన మరమ్మతు

తిరుమల భక్తుల చేతిలో ఏ ఆయుధమున్నా అలిపిరి తనిఖీ దాటి కొండెక్కదు. ఆ కొండ చుట్టూ ఉన్న శేషాచలం అడవుల్లో ఒక భాగం 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. వేటను అంతకుముందే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కట్టడి చేసింది. అయినా ఈ కొండల అంచు పల్లెల్లో తాతల నాటి వేట తుపాకి ఎవరి అటక మీదైనా ఇంకా ఉండవచ్చు. కొద్దిపాటి డబ్బుతో దాన్ని బాగుచేయించాలనుకునేవారు ఆ డబ్బును తుప్పు ఆపడానికే ఖర్చుపెట్టాలి, మళ్ళీ పేల్చడానికి పెట్టకూడదు. ఆ యంత్రం పుట్టుకలోనే ఇందుకు కారణాలున్నాయి.

స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే పాస్టరు పక్షుల వేటకు వెళ్ళేవాడు. చెకుముకి రాయి నిప్పురవ్వకు బయటి పళ్ళెంలోని మందు ముందు భగ్గుమనేది, ఆ వెలుగు చూసి, గుండు తగిలేలోపే పక్షి లేచిపోయేది. దెబ్బకే పేలే రసాయనాన్ని సుత్తి కింద పెడితే ఆ ఆలస్యం ఉండదని గ్రహించి 1807లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాతి రెండు దశాబ్దాల్లో అదే చిన్న రాగి క్యాపుగా మారింది. గొట్టం మూతి నుంచి మందు కూరి, వెనక క్యాపు పెట్టి కాల్చే తుపాకి అలా స్థిరపడింది. పడమటి దేశాల సైన్యాలు 1860ల్లో వెనకనుంచి తూటా పెట్టే తుపాకులకు మారినా, మన పల్లెల్లో ఇది పోలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం సైతం పంట కాపలాకు మూతి నుంచి కూరే తుపాకిని పేరుపెట్టి ప్రస్తావించింది.

ఈ తుపాకికి శత్రువు దాని ఆహారమే. తుపాకిమందులో సుమారు 75 పాళ్ళు సూరేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. కాలాక అందులో సగానికి పైగా వాయువుగా మారదు, ఎక్కువగా పొటాషియం లవణాలుగా మిగులుతుంది, వాటిలో కొంత గొట్టంలోనే పేరుకుంటుంది. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అందుకే తుప్పు గొట్టం అడుగున, క్యాపు కూర్చునే చోట ఎక్కువగా తింటుంది. పేలుడు ఒత్తిడి అత్యధికంగా పడేదీ అక్కడే. పైగా పాత గొట్టాలు చాలావరకు ఇనుప పట్టీలను కడ్డీకి చుట్టి, కొలిమిలో కాల్చి అతికించినవి. ఆ అతుకుల్లో దాగిన తుప్పు కంటికి కనబడదు. కొత్త స్ప్రింగు వేసి, పైన మెరుగు పెట్టడం చవకే, సుత్తి టక్కుమంటుంది కూడా. గొట్టం బలం మాత్రం ఒక్క పిసరు పెరగదు. పేలితే ముక్కలు తగిలేది కాల్చినవాడి ముఖానికే.

అడవిపందులు వేరుశనగ చేలు తవ్విపోస్తుంటే తుపాకి అటకెక్కించడమా అని రైతు అడగవచ్చు. నష్టం నిజమే, దానికి లైసెన్సు దారి ఉంది. కానీ లైసెన్సు లేని పనివాడు తుపాకి మరమ్మతు చేయడమే నేరం. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 7 ఏళ్ళు. మరమ్మతు చేసినా పేలనంతగా చెడిన పాత తుపాకికి చట్టం మినహాయింపు ఇస్తుంది, చేస్తే పేలేదానికి ఇవ్వదు. పేలని తుపాకికి విలువేముందని మరికొందరి వాదన. వందేళ్ళు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టం రక్షణ ఉంది. చరిత్రకారుడికి కావలసింది కమ్మరి ముద్ర, సుత్తి అరుగుదల, చేతిపట్టు నునుపు. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే మొదట పోయేవి అవే.

చవకైన సంరక్షణకు ముందు ఒక పరీక్ష ఉంది. సన్నని కర్రపుల్లను గొట్టంలోకి మెల్లగా దించి, ఆగాక గొట్టం మూతి దగ్గర పుల్లకు గుర్తు పెట్టి, బయట గొట్టం వెంట అదే పొడవు కొలవాలి. అది క్యాపు రంధ్రం దాకా చేరకపోతే లోపల మందు ఉండవచ్చు. పొడిగా ఉన్న తుపాకిమందు దశాబ్దాలైనా చావదు. అప్పుడు తుపాకి ముట్టకుండా పోలీసులకు కబురు చేయాలి. ఖాళీ అని తేలితే మెత్తని బ్రష్షు, పలుచని నూనె, పైన మైనం పూత చాలు. లోతైన తుప్పుకు సంరక్షకులు శుద్ధిచేసిన టానిక్ ఆమ్లం వాడతారు, తుప్పు నల్లని స్థిర పొరగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిమి అనే ఇనుప ద్రావణం నల్లబడేదీ ఇదే రసాయనంతో. అయితే తుపాకి మీద చెక్కిన అక్షరాలున్న చోట ఆ ఆమ్లం వాడకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానల్లో తుపాకిని తోలు ఒరలో దాచకూడదు, తోలు తేమ పట్టి ఇనుమును తింటుంది.

ఇంట్లో అలాంటి తుపాకి ఉంటే పనివాడి దగ్గరికి పోకముందు పోలీసు స్టేషన్‌లో తెలియజేసి, లైసెన్సు సంగతి తేల్చుకోండి.