సెల్‌ఫోన్ కెమెరాకు చేదోడు వాదోడు

మన కాలేజీలో ఇప్పుడు కెమెరా లేనివాడు లేడు. జేబులో సెల్‌ఫోన్ ఉంటే కెమెరా ఉన్నట్టే కదా! కానీ విహారయాత్రకు పోయి వచ్చినాక చూసుకుంటే, పది ఫోటోల్లో ఒక్కటైనా గోడకు తగిలించుకునేది ఉంటుందా అని నా సందేహం. గండికోటకు పోయినవాడు ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగానూ, స్నేహితుడి ముఖం బొగ్గులాగానూ తీసుకొస్తాడు. బెలుం గుహలకు పోయినవాడు పసుపుపచ్చటి మసక ఒకటి చూపించి "ఇదే పాతాళగంగ, నమ్మండి" అంటాడు. ఇందులో ఫోన్ తప్పు కొంచెమే. దాని పక్కన ఉండవలసిన చిన్న చిన్న పరికరాల సంగతి మనం పట్టించుకోకపోవడమే అసలు కారణం. వాటిని గురించి నా అనుభవంలో తెలిసిన నాలుగు మాటలు చెప్తాను.

ముందు బెలుం సంగతే చూద్దాం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహలను గురించి రాసిపెట్టాడు. 1982-84 మధ్య గెబావర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి లోపల సర్వే చేశాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. లోపల దీపాలున్నా వెలుతురు తక్కువ. ఫోన్‌లో బొమ్మను పట్టే భాగం చిటికెనవేలి గోరంత ఉంటుంది. అంత చిన్నదానికి చీకట్లో వెలుతురు చాలదు కనుక ఫోన్ రెండు మూడు సెకండ్ల పాటు వరసగా బొమ్మలు తీసి, అన్నిటినీ కలిపి ఒకటి చేస్తుంది. ఆ మూడు సెకండ్లు మన చెయ్యి కదలకుండా ఉంటుందా? ఉండదు. అందుకే మూడు కాళ్ల స్టాండు, అంటే ట్రైపాడ్ కావాలి. లోపలికి తీసుకుపోనిస్తారో లేదో గేటు దగ్గరే అడగండి. వద్దంటే ఒక గుడ్డ సంచిలో అర కిలో జొన్నలు పోసి మూతి కట్టి, రాతి మీద పెట్టి ఫోన్ దాని మీద ఆనించండి. నేను అట్లే చేస్తాను. బటన్ నొక్కినా ఫోన్ అదురుతుంది కాబట్టి రెండు సెకండ్ల టైమర్ పెట్టుకోవాలి, లేదా చిన్న బ్లూటూత్ రిమోట్ కొనుక్కోవాలి. ఫ్లాష్ మాత్రం వద్దు. దాని వెలుగు నాలుగు బారలు దాటదు, పైగా మన ఊపిరి ఆవిరి తెల్లటి చుక్కలుగా పడుతుంది.

గండికోటలో కష్టం దీనికి తలకిందులు. అక్కడ వెలుతురు మరీ ఎక్కువ. పెన్న నీళ్ల మీద నుంచి, నున్నటి బండల మీద నుంచి ఎండ తళతళమని కళ్లలో కొడుతుంది. దానికి పోలరైజర్ అనే అద్దం ఉంది. నీళ్లకూ రాళ్లకూ తగిలి వచ్చే వెలుతురు ఎక్కువగా ఒకే దిక్కున ఊగుతుంది. ఈ అద్దాన్ని తిప్పితే ఆ ఊగేదాన్ని ఆపి, మిగతాదాన్ని పోనిస్తుంది. మెరుపు పోయి రాతి అసలు ఎరుపు బయటపడుతుంది. సూర్యుడు మనకు కుడివైపో ఎడమవైపో ఉంటే ఆకాశం ముదురు నీలంగా కూడా వస్తుంది, వీపువైపు ఉంటే అంత తేడా కనిపించదు. ఫోన్‌కు రెండు మూడు కళ్లుంటాయి కాబట్టి ఏ కన్ను పనిచేస్తున్నదో వేలు అడ్డం పెట్టి చూసుకొని క్లిప్పు తగిలించండి. మా వాడొకడు పనిచేయని కంటికి తగిలించి రోజంతా తీశాడు, పాపం!

మిట్టమధ్యాహ్నం ముఖం మీద పడే నల్లటి నీడకు పరికరం కొనక్కరలేదు. ఒక తెల్ల పంచెను ఇద్దరు పట్టుకున్నా చాలు, థర్మోకోల్ అట్టయినా సరే. సినిమావాళ్లు వెండికాగితం అంటించిన బోర్డులు పట్టుకొని నిలబడేది ఇందుకే.

విడిగా క్లిప్పుతో పెట్టుకునే వైడ్ లెన్సులు కొనవద్దని నా సలహా. అంచులు అలుక్కుపోతాయి. డబ్బుంటే ఒక పవర్ బ్యాంకు కొనుక్కోండి. మన ఎండలకు ఫోన్ కాగిపోయి వీడియో మధ్యలో ఆగిపోవడం అందరికీ అనుభవమే. అప్పుడు కవరు ఊడదీసి నీడన పెట్టాలి కానీ ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పడుతుంది. ట్యూబులైటు కింద వీడియోలో చారలు పాకుతుంటే షట్టర్‌ను 1/50 గానీ 1/100 గానీ చేయండి. మన కరెంటు సెకండుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ లెక్క దానితో కుదురుతుంది.

ఇక శబ్దం. వీడియో అంటే అందరూ బొమ్మ గురించే ఆలోచిస్తారు. నేనూ అంతే. మా అవ్వ విసుర్రాయి పాటలు బాగా పాడేది. మా ఊరు మిట్ట మీద ఉంటుంది. ఆషాఢం సెలవులకు పోయినప్పుడు అవ్వను కట్ట మీద కూర్చోబెట్టి, వెలుతురు చూసుకొని, స్టాండు మీద ఫోన్ పెట్టి, పది అడుగుల దూరం నుంచి అరగంట తీశాను. అయిపోయినాక "ఏమిరా నాయనా, నా పాట పడిందా దాంట్లో?" అని అడిగింది. "పడిందిలే అవ్వా" అన్నాను. విని చూసుకోలేదు. సంక్రాంతికి ముందే అవ్వ పోయింది. కర్మలయినాక అందరం కూర్చొని పెట్టుకుంటే, అవ్వ పెదవులు కదులుతున్నాయి, గాలి హోరు వినిపిస్తున్నది. అరగంటా అంతే.

తర్వాత తెలుసుకున్నాను. గాలి మైకును నేరుగా గుద్దితే ఆ దెబ్బే హోరుగా పడుతుంది. మైకుకు బొచ్చు తొడుగు వేస్తే ఆ బొచ్చులో గాలి వేగం చిక్కుకొని చస్తుంది, మాట మాత్రం దూరిపోతుంది. రెండోది దూరం. దూరం రెట్టింపైతే ఆరుబయట శబ్దం ఒత్తిడి సగమవుతుంది. అందుకే చొక్కాకు పెట్టే కాలర్ మైకును నోటికి జానెడు దూరంలో ఉంచాలి. వైరు మైకు కొన్ని వందల్లోనే వస్తుంది. కొనేటప్పుడు పిన్ను చూడండి. దానిమీద మూడు నల్ల గీతలుంటే ఫోన్‌ది, రెండుంటే కెమెరాది. పాత పిన్ను దూరే రంధ్రం లేని ఫోన్లకు టైప్-సి మైకే తీసుకోవాలి. ఒక నిమిషం తీసి, ఇయర్‌ఫోన్ పెట్టుకొని విని, తర్వాతే మొదలుపెట్టాలి.

మా అవ్వ చెల్లెలు, చిన్నవ్వ, ప్రొద్దుటూరు దగ్గర ఉంది. ఆమెకూ ఆ పాటల్లో సగం వచ్చునట. పరీక్షలు కాగానే పోతున్నాను. మైకు తెచ్చుకున్నాను. బొచ్చు తొడుగు కోసం మా చెల్లెలి ఎలుగుబంటి బొమ్మ చెవి ఒకటి కత్తిరించాను. ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు.