రెండు గొట్టాలతో తీరేదా జ్వరం?

భీమవరం: “రెండు గొట్టం బిళ్ళలు ఇవ్వండి. మొన్న మా అబ్బాయికి ఇచ్చినవే!”

సందెవేళ పల్లెటూళ్ళ మందుల షాపుల ముందు తరచూ వినిపించే మాట ఇది. చీటీ లేదు, డాక్టరు చూసిందీ లేదు. జేబులో డబ్బును బట్టే మోతాదు!

ఆ గొట్టాల్లో చాలావరకు యాంటీబయాటిక్కులే. అవి చంపేది బాక్టీరియా క్రిములను మాత్రమే. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద ఈ మందులు పనిచేయవు. వారం పది రోజుల్లో జలుబు దానంతటదే తగ్గుతుంది; పేరు మాత్రం గొట్టానికి దక్కుతుంది.

నష్టం అంతటితో ఆగదు. మందు పడగానే బలహీనమైన క్రిములు చస్తాయి. లొంగనివి మిగిలి, అవే పెరుగుతాయి. రైతులకిది తెలియని సంగతి కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నిసార్లు మందు కొట్టినా శనగపచ్చ పురుగు చావక పత్తి రైతు నిలువునా మునిగిపోయాడు. పైరు మీద పురుగుకు పట్టిన మొండితనమే ఒంట్లో క్రిమికీ పడుతుంది.

మందుకు అలవాటు పడేది మనిషి కాదు, క్రిమి. అది ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఎన్నడూ గొట్టం మింగని పసిబిడ్డకూ సోకవచ్చు. అప్పుడు బిడ్డకు నెమ్ము చేసినా, బాలింతకు జ్వరం వచ్చినా, ఆపరేషన్ గాయం చీము పట్టినా మామూలు మందులు పనిచేయవు.

ఈ మందుల చరిత్రలో భీమవరానికీ చోటుండడం గమనార్హం. 1895లో ఇక్కడ పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. చాలీచాలని మోతాదు వాడితే క్రిములు మొండికేస్తాయని, పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించారు.

మందు అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేనిదే వాడరాదని అర్థం. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దీనిపై ప్రచారం కూడా చేసింది. చదువు రానివారు సైతం పోల్చుకోగల గుర్తు అది.

డాక్టరు రాస్తేనే వాడాలి. చెప్పినన్ని రోజులూ వాడాలి. కాస్త నెమ్మదించగానే సొంతంగా ఆపేయరాదు. మిగిలిన బిళ్ళలు దాచి ఇరుగుపొరుగుకు ఇవ్వరాదు. ఇవాళ జలుబుకు వృథా చేసిన మందు, రేపు ప్రాణం మీదికి వచ్చినప్పుడు అక్కరకు రాకపోవచ్చు.