శివారు కబురు

విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి కృష్ణా డెల్టాకు నీళ్లొదిలిన మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది. పసుపు, కుంకుమ, పూలు, నాలుగు కొబ్బరి చెక్కలు, నీళ్లలోకి వంగిన నాయకులు. ఆ ఫోటో చూసి బంటుమిల్లి రైతు వడ్లు నానబొయ్యడు. అతను నమ్మేది ఫోనుని. ఎగువన ఉన్న చుట్టాలకో, తెలిసిన కాలువ లస్కర్‌కో కలుపుతాడు.

"బాబాయ్, మీ దగ్గర కాలువ పారతందా?"

"పారతందిరా. మోకాలి లోతు కూడా లేదు. పైన ఇంజన్లు పెట్టి తోడేస్తన్నారు."

ఈ రెండు ముక్కల మీదే ఆ వారం నడుస్తుంది. మండె కట్టాలా, ఆగాలా, దమ్ముకి ట్రాక్టరు చెప్పాలా, ఊడ్పుకి ముఠాతో మాట్లాడాలా అన్నీ ఆ కబురునిబట్టే.

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు కూడా ఇటు రావడం మొదలై పదేళ్లవుతోంది. ఎన్ని వచ్చినా బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు చేలు కాలువ చివరనే ఉన్నాయి. ఇంజనీర్లూ రైతులూ కూడా వీటిని శివారు భూములనే అంటారు. వీటి తర్వాత ఉప్పు నేలలు, రొయ్యల చెరువులు, ఆపైన సముద్రం. ఎగువన పది తూములు ఒక అంగుళం ఎక్కువ లేస్తే ఇక్కడ బోదె ఎండుతుంది. అదే వానాకాలంలో, పైవాళ్లు వద్దనుకున్న నీళ్లన్నీ ఇక్కడికే వచ్చి చేను ముంచుతాయి.

నీరు పల్లానికి తనంతట తానే పోతుంది. శివారులో ఏం జరుగుతోందన్న కబురు మాత్రం తనంతట తాను పైకి వెళ్లదు, ఎవరో మోసుకెళ్లాలి. పదిమంది కలిసి చేసే ఏ పని తీరైనా చివరికి దీన్నిబట్టే తేలుతుందని నా అభిప్రాయం. చివరనున్న మనిషికి తెలిసిన సంగతి మొదట ఉన్న మనిషికి ఎంత తేలిగ్గా చేరుతుందన్నదే కొలత. మనం మాత్రం జట్టు బాగుండాలంటే తెలివైనవాళ్లను ఏరి తేవాలనుకుంటాం.

ఆ నమ్మకాన్నే కొందరు పరీక్షకు పెట్టారు. 2010లో పరిశోధకులు అనితా వూలీ, థామస్ మలోన్, వారి సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 699 మందిని ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉండే జట్లుగా కూర్చోబెట్టి రకరకాల పనులు అప్పగించారు. బొమ్మల పజిళ్లు విప్పడం, కొత్త ఆలోచనలు పోగెయ్యడం, చాలీచాలని వనరులను బేరమాడి పంచుకోవడం వంటివి. ఒక పనిలో రాణించిన జట్టు మిగతా పనుల్లోనూ రాణించే అవకాశం ఎక్కువని తేలింది. అంటే మనిషికి తెలివి ఉన్నట్టే జట్టుకీ ఒక తెలివి ఉంది. సభ్యుల తెలివితేటల సగటుతోగానీ, అందరిలోకీ చురుకైనవాడి తెలివితోగానీ దానికి గట్టి సంబంధం కనబడలేదు. సంబంధం ఉన్నవి వేరు. ఎదుటివారి కళ్లు చూసి మనసు కనిపెట్టగల నేర్పు, మాట ఒకరిద్దరి గుత్త కాకుండా అందరికీ వంతు రావడం, జట్టులో ఆడవాళ్లు ఎక్కువగా ఉండడం. ఈ మూడోది చాలావరకు మొదటిదాని వల్లేనని కూడా వాళ్లే చెప్పారు, కళ్లు చదివే పరీక్షలో ఆడవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఈ ఫలితాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు. సభ్యుల సొంత తెలివే అసలు సంగతని 2017లో కొందరు వాదించారు. 2021లో 22 అధ్యయనాలను, 1,356 జట్లను కలిపి లెక్కగట్టినప్పుడు మాత్రం సభ్యులు ఎవరన్నదానికంటే వాళ్లు కలిసి పనిచేసే తీరే ఎక్కువ ప్రభావం చూపుతుందని వచ్చింది. నాకైతే ఇందులో వింతేమీ కనబడలేదు. ఊడ్పు రోజుల్లో ఈ డెల్టాలో ఏ గట్టు మీద కాసేపు నిలబడ్డా అదే కళ్లకు కడుతుంది.

దమ్ము చేసిన చేలో ముఠా దిగుతుంది. పది పదిహేనుమంది ఆడవాళ్లు, వయసులో అమ్మమ్మ నుంచి కొత్త కోడలి దాకా. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నెత్తిన గుడ్డ చుట్టుకుని, ఒకే వరసలో వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుకుంటూ పోతారు. వెనక్కి నడిచేవాళ్లకు తామెక్కడికి పోతున్నదీ కనబడదు, పక్కవాళ్లు ఎంత దూరంలో ఉన్నారన్నదే కనబడుతుంది. వరస అలా నిలవాలంటే ఒక కన్ను సొంత కుదుళ్ల మీద, ఒక కన్ను పక్క చేతుల మీద ఉండాలి. నెమ్మదైన మనిషిని చివరన వదలరు. ఇద్దరు చురుకైనవాళ్ల మధ్య నిలబెడతారు. ఆమె వెనకబడితే అటువైపు మనిషి ఒక కుదురు, ఇటువైపు మనిషి ఒక కుదురు ఆమె వంతులోంచి నాటేసి వరస సరిచేస్తారు. నాటేశామని ఎవరూ చెప్పరు. నారు కట్టలు పరిచేవాడు లెక్క తప్పి దూరంగా విసిరితే వరసలో ఎక్కడున్నావిడైనా సరే, "ఒరేయ్ అబ్బాయ్, కట్ట ఇటెయ్యి, నా చెయ్యేమైనా కొబ్బరి దోటీ అనుకున్నావా" అని కేకేస్తుంది. మేస్త్రి కేకెయ్యాలని ఎవరూ కాచుక్కూచోరు.

పని ఎకరాకు ఇంత అని గుత్త. వచ్చిన డబ్బు తలా సమానం. ఎక్కువ నాటినావిడకు ఎక్కువ, తక్కువ నాటినావిడకు తక్కువ అన్న లెక్క పెట్టుకుంటే వరస పదినిమిషాలు కూడా నిలవదని వాళ్లకు తెలుసు. ఎవరి వంతు వాళ్లు చూసుకోవడం మొదలుపెడితే నెమ్మదైనావిడ దగ్గర చేను వంకరపోతుంది, ఆ వంకర సరిచెయ్యడానికి అందరూ ఆగాలి.

ముఠాలో అన్నీ ధర్మంగానే జరుగుతాయని చెప్పబోవడం లేదు. మేస్త్రి కమీషన్ ఉంటుంది. గుత్త రేటు దగ్గర రైతులంతా ఒక్కమాట మీద ఉంటారు, అదీ ఒక ఉమ్మడి తెలివే, కూలీల మీద పనిచేసేది. ఏ కులంవాళ్లు ఎవరి చేలోకి వెళ్తారన్నదానికీ పాత లెక్కలున్నాయి. పైగా వెదజల్లే సాగు వచ్చింది, యంత్రాలు వచ్చాయి, పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. ఊడ్పు తెలిసిన ఆడవాళ్ల సంఖ్య తగ్గుతోంది. చేలో నేర్చిన ఆ నేర్పును రాసి పెట్టినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

జట్టు తీరు తప్పు జరిగినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, లెక్కలో ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే అక్కడివాళ్లు పొరపాటును పైకి చెబుతున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. మంచి జట్టు అంటే తప్పులు జరగని జట్టనే లెక్క అక్కడ తప్పింది.

గట్టు సంగతీ ఇలాంటిదే. కాలువ గట్టుకు గండి రాత్రికి రాత్రే పడదు. ముందు ఎండ్రకాయ బొక్క ఒకటి చెమ్మగిల్లుతుంది. దాంట్లోంచి సన్నగా నీరు జారుతుంది. పశువుల్ని తోలుకెళ్లే పిల్లాడో, తెల్లారుజామున చేలోకెళ్లే కూలీయో దాన్ని మొదట చూస్తారు. అప్పుడు చెబితే రెండు తట్టల మట్టితో పోతుంది. "నువ్వే ఏదో కెలికుంటావు" అని ఎవరైనా అంటారేమో అన్న జంకుతో ఆ పిల్లాడు నోరు మూసుకుంటే మూడో రోజుకి వందల ఇసుక బస్తాలు కావాలి.

ఈ తీరానికి ఇంతకంటే పెద్ద పాఠమే ఉంది. 1977 నవంబర్ 19న వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమను ఊడ్చేశాయి. అధికార లెక్కల్లోనే మృతులు పదివేలకు దగ్గర. తుపాను వస్తోందన్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు. సముద్రం ఊళ్లమీదికి వస్తుందన్న మాట మాత్రం గుడిసెలో ఉన్న మనిషికి నమ్మేలా చేరలేదు. 1990 మే 9న దాదాపు ఇదే తీరానికి, కృష్ణా ముఖద్వారం దగ్గరే, అంతే భీకరమైన తుపాను వచ్చింది. ఈసారి ప్రాణనష్టం వెయ్యి దాటలేదు. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ఈ పదమూడేళ్లలో రాడార్లు, ఉపగ్రహాలు మెరుగయ్యాయి నిజమే. తుపాను షెల్టర్లు కట్టారు, అదీ నిజమే. అయితే షెల్టరు దాకా జనం నడవాలిగా. కలెక్టరాఫీసు నుంచి బయల్దేరిన మాట తలుపు తట్టే మనిషి దాకా తెగకుండా రావడం, తట్టిన మనిషి మాటను ఇంట్లో ముసలమ్మ నమ్మడం ఇవన్నీ కుదిరితేనే ఆమె గుమ్మం దిగుతుంది. 1977ను కళ్లారా చూసిన ఊళ్లో నమ్మించడం కొంత తేలికైంది, అందుకు చెల్లించిన ఖరీదు తలుచుకోవడమే కష్టం.

కాలువ దగ్గరికి తిరిగొద్దాం. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లు తిరిగి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం రాశాడు. కొన్ని ఊళ్లు సర్కారు చెప్పకుండానే ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి, పంటకు కాపలాదారుల్ని, నీరు పంచడానికి నీరుకట్ల మనుషుల్ని జీతాలిచ్చి నియమించుకున్నాయి. నీటికి కటకటగా ఉన్నప్పుడు ఎవరి చేనుకు వాళ్లు నీరు పెట్టుకోకూడదు. నీరు పెట్టడం ఆ మనుషుల పని. పక్క ఊళ్లో మాత్రం ఇదేదీ లేదు. ఎందుకిలా అని వెతికితే వేడ్‌కు దొరికిన జవాబు కులం కాదు, చదువూ కాదు, మంచి నాయకుడూ కాదు. కాలువ చివర ఉన్న ఊళ్లలోనే ఈ కట్టుబాట్లు ఎక్కువ. పైన ఉన్నవాళ్లకు కలిసి ఉండాల్సిన అవసరం పడలేదు, నీళ్లు ఎలాగూ వస్తాయి. కొసన ఉన్నవాళ్లు కలవకపోతే పంట పోతుంది. (ఆ ఉమ్మడి నిధిలోంచే నీటిపారుదల సిబ్బందికి ముడుపులు కూడా పోయేవని ఆయన దాచకుండా రాశాడు. ఊరు తెలివి ఎక్కడెక్కడికి పాకుతుందో చూడండి.)

ఆ పుస్తకం వచ్చిన తొమ్మిదేళ్లకు, 1997లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల చేతికే కాలువల నిర్వహణ ఇస్తూ చట్టం వచ్చింది. ఆ ఏడాదే పదివేలకు పైగా నీటి సంఘాలు ఎన్నికయ్యాయి. కింద నీటి సంఘం, పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. ఆలోచన మంచిది. సంఘాన్ని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడగొట్టడంలో శివారుకు కూడా ఒక కుర్చీ వెయ్యాలన్న ఉద్దేశం కనబడుతుంది. తర్వాత ఎన్నికలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి, నిధులు వచ్చినప్పుడు పూడిక పనులు, రానప్పుడు పేరు బోర్డు. 2024 డిసెంబర్‌లో మళ్లీ ఎన్నికలు జరిగితే చాలాచోట్ల ఏకగ్రీవమే.

ఏకగ్రీవం అన్న మాటకు మనకో మోజు. గొడవ లేకుండా అయిపోయిందని చంకలు గుద్దుకుంటాం. వూలీ జట్ల లెక్క ప్రకారం మాటలో అందరికీ వంతు రావాలి. ఏకగ్రీవమైన ఊళ్లో ఆ వంతు ఎవరికి రాలేదో ఎవరూ అడగరు. రెవెన్యూ రికార్డులో పేరు ఉన్నవాడికే సంఘంలో ఓటు. డెల్టాలో చేను నిజంగా చేసేది ఎక్కువగా కౌలురైతు. చట్టం కౌలుదారుకు తలుపు మూసెయ్యలేదు, అయితే కౌలు కాగితం మీద ఉండాలి. కౌలురైతుల కోసం 2011 చట్టం, 2019 చట్టం వచ్చాక కూడా నోటిమాట కౌలే ఎక్కువ. పట్టా ఉన్న ఆసామి హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఉంటాడు. బోదెలో తూటికాడ ఎక్కడ అడ్డం పడిందో, ఏ తూము కింద నీరు వృథాగా మురుగు కాలువలోకి పోతోందో తెలిసిన మనిషికి సంఘంలో కుర్చీ లేదు. ఇక భర్త పేరు మీద పట్టా ఉన్న భార్య సంగతి చెప్పక్కర్లేదు. నీటి సంఘం మీటింగుకి వెళ్తే అందరూ మగవాళ్లే. పక్క చేలో ఆ మధ్యాహ్నమే పన్నెండుమంది ఆడవాళ్లు వరస తప్పకుండా ఎకరం నాటి వెళ్లి ఉంటారు.

సంఘంలో కౌలురైతుకు, కూలి మనిషికి చోటిస్తే పెత్తనం పోతుందని ఆసాములు భయపడతారు. ఆ భయంలో నిజం ఉంది, కొంత పోతుంది. గుర్రపుడెక్క తీయించడానికి ఎకరాకింత చందా వేసుకునే రోజున మాత్రం ఈ ఆసాములే కౌలురైతు దగ్గరికి వస్తారు. చందాకు పనికొచ్చిన మనిషి సలహాకు ఎందుకు పనికిరాడన్నది ఏ మీటింగులోనూ చర్చకు రాలేదు.

ఇప్పుడు కాలువకో వాట్సాప్ గ్రూపు ఉంటోంది. రైతులు, లస్కర్లు, ఎక్కడైనా ఒక అసిస్టెంట్ ఇంజనీరు. పొద్దున్నే శుభోదయాలు, మధ్యాహ్నం నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, మధ్యలో లాకుల దగ్గర నీటిమట్టం ఫోటో. మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే. శివారు కౌలురైతు గ్రూపులో ఉంటాడు, అన్నీ చూస్తాడు. నీళ్లు రాకపోతే మాత్రం అందులో రాయడు. పై తూము ఎవరిదో అందరికీ తెలుసు, వచ్చే ఏడాది కౌలు ఎవరి చేతిలో ఉందో తనకు తెలుసు. గట్టు దిగి, పక్కకు వచ్చి, లస్కర్‌కి ఫోన్ కలుపుతాడు. "అన్నా, నేను చెప్పానని అనమాక. పైన ఓసారి చూడు."