కట్టెల స్టవ్ కొనేముందు: అనుమతి ముద్ర చెప్పేది సగమే

బ్రిటన్‌లో స్థిరపడి సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు మొదటి చలికాలంలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇల్లు పాతదైతే హాల్లో ఫైర్‌ప్లేస్, పైన చిమ్నీ ఉంటాయి. వాటిని మూయించేయాలా, లేక అక్కడో ఇనుప స్టవ్ బిగించుకుని కట్టెలు కాల్చుకోవాలా? షాపుకు వెళితే అక్కడివాళ్లు ధైర్యం చెబుతారు. ఇది పర్యావరణ శాఖ డెఫ్రా మినహాయింపు ఉన్న (ఎగ్జెంప్ట్) మోడల్, పొగ మీద ఆంక్షలున్న ప్రాంతంలో కూడా వాడుకోవచ్చు, పైగా ఎకోడిజైన్ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే చట్టం ఒప్పుకుంటుందన్న మాటకూ, గాలి పాడవదన్న మాటకూ మధ్య చాలా ఎడం ఉంది. ఒకే స్టవ్ ఒక ఇంట్లో కాలుష్యాన్ని తగ్గించొచ్చు, పక్కింట్లో కొత్తగా పుట్టించొచ్చు. ఆ స్టవ్ దేనికి బదులుగా వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. కొనేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. షాపులో మాత్రం ఎవరూ అడగరు.

ఈ ఆంక్షలు ఎక్కణ్నుంచి వచ్చాయో చూస్తే వాటి పరిమితి కూడా అర్థమవుతుంది. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా బొగ్గు పొగ, మంచు కలిసి లండన్‌ను కమ్మేశాయి. సుమారు నాలుగు వేల మంది చనిపోయారని అప్పట్లో లెక్కగట్టారు. తర్వాతి పరిశోధకుల్లో కొందరు ఆ సంఖ్య పన్నెండు వేల దాకా ఉండొచ్చన్నారు. సర్ హ్యూ బీవర్ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫార్సులతో 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది. స్థానిక కౌన్సిళ్లు తమ పరిధిలో ‘స్మోక్ కంట్రోల్ ఏరియా’లను ప్రకటించడం దాంతోనే ఊపందుకుంది. 1993 నాటి చట్టం కింద ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. లండన్‌లో అధిక భాగం, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వంటి నగరాలు వీటి కిందకే వస్తాయి. అక్కడ పొగ రాని అధీకృత ఇంధనమైనా కాల్చాలి, లేదా ప్రభుత్వ జాబితాలో మినహాయింపు పొందిన స్టవ్‌లోనైనా కాల్చాలి. మామూలు ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు పేర్చి కాల్చడానికి వీల్లేదు. ఇంగ్లండ్‌లో చిమ్నీ నుంచి పొగ వస్తే 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వేసే అధికారం కౌన్సిళ్లకు ఉంది, వేసేది మాత్రం అరుదు. ఈ చట్టం పుట్టింది కంటికి కనిపించే నల్లటి బొగ్గు పొగ మీద. ఈనాడు డాక్టర్లు భయపడేది పీఎం 2.5 గురించి, అంటే రెండున్నర మైక్రాన్లు మించని కణాల గురించి. అవి ఊపిరితిత్తుల లోతుకు దిగి గుండెకూ హాని చేస్తాయి, కానీ చిమ్నీ వైపు చూస్తే ఏమీ కనిపించకపోవచ్చు.

ఎగ్జెంప్ట్ స్టవ్‌లో ప్రత్యేకత ఏమిటో తెలియాలంటే కట్టె ఎలా కాలుతుందో తెలియాలి. వేడి తగలగానే కట్టె నుంచి ముందు వాయువులు బయటికొస్తాయి. మనకు మంటగా కనిపించేది చాలావరకు ఆ వాయువులు కాలడమే. వాటికి కావలసినంత వేడి, గాలి అందకపోతే కాలకుండానే తారుగా, పొగగా చిమ్నీ ఎక్కుతాయి. మంచి స్టవ్‌లో వెనక గోడకు వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి వేడెక్కిన గాలి మంట పైభాగానికి వెళ్లి ఆ వాయువులను కాల్చేస్తుంది. పైన అడ్డంగా ఉండే పలక, చుట్టూ పరిచిన వర్మిక్యులైట్ ఇటుకలు లోపలి వేడిని నిలబెడతాయి. ఇక పాత స్టవ్‌లలో గాలి మీటను పూర్తిగా మూసేయొచ్చు. పడుకోబోయే ముందు నాలుగు మొద్దులు పడేసి మీట మూసేస్తే తెల్లవారేదాకా కుములుతూనే ఉంటాయి. పొగ ఎక్కువగా పుట్టేది ఇలాంటప్పుడే. ఎగ్జెంప్ట్ మోడళ్లలో చాలావాటికి ఆ మీట పూర్తిగా మూతపడకుండా ఒక చిన్న లోహపు అడ్డు పెడతారు. ఒకే స్టవ్‌ను మినహాయింపుతో, అది లేకుండా రెండు రకాలుగా అమ్మే కంపెనీల్లో తేడా ఒక్కోసారి ఆ అడ్డు మాత్రమే! దాన్ని విప్పదీస్తే రాత్రంతా నిప్పు నిలుస్తుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. విప్పిన క్షణం నుంచి అది మినహాయింపు పొందిన స్టవ్ కాదు.

ఎకోడిజైన్ వేరే లెక్క. 2022 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో కొత్తగా మార్కెట్లోకి వచ్చే మూతతలుపు కట్టెల స్టవ్ ఏదైనా ఘనపు మీటరు పొగవాయువులో 40 మిల్లీగ్రాములకు మించి కణాలు వదలకూడదు. దాని సామర్థ్యం 65 శాతానికి తగ్గకూడదు. కాబట్టి ఆంక్షలున్న ప్రాంతంలో కొనేవాళ్లకు రెండు ముద్రలూ ఉండాల్సిందే, ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. పరిశ్రమ నడిపే క్లియర్‌స్కైస్ గుర్తులో ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిలున్నాయి, ఐదు అన్నిటికన్నా మేలు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా పరీక్ష జరిగే తీరులో ఉంది. ల్యాబ్‌లో స్టవ్ అప్పటికే వేడెక్కి, అడుగున నిప్పులు కణకణలాడుతుంటే, బాగా ఆరిన కట్టెను తూచి వేసి కొలుస్తారు. చల్లటి స్టవ్‌ను వెలిగించేటప్పుడు వచ్చే పొగ లెక్కలోకి రాదు. ఇళ్లలో ఎక్కువ పొగ వచ్చేది ఆ మొదటి అరగంటలోనే. కణాలను వేడి ఫిల్టర్ మీద పట్టే పద్ధతిలో ఇంకో లోపముంది. బయటి చల్లగాలి తగిలాక గడ్డకట్టి కణాలుగా మారే ఆవిర్లు అందులో తప్పించుకుంటాయి.

పరీక్షశాలలో ఒకటి, ఇంట్లో ఇంకొకటి అనే ఈ సమస్య మన దేశానికి కొత్తేమీ కాదు. పొగ తగ్గించే మెరుగైన పొయ్యిల మీద ఒడిశాలో 44 గ్రామాల్లో, రెండు వేల ఆరు వందల కుటుంబాలతో, నాలుగేళ్ల పాటు ఒక అధ్యయనం జరిగింది. ఆర్థికవేత్తలు రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ దాన్ని చేశారు. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ తేడా మాయమైంది. పొయ్యిలను సరిగ్గా వాడలేదు, పగిలితే బాగుచేయలేదు, పాత పొయ్యిలు పక్కనే వెలుగుతూ ఉన్నాయి. వస్తువు ఎంత మంచిదైనా ఫలితం చివరికి దాన్ని వాడే మనిషి మీద ఆధారపడుతుందని ఆ అధ్యయనం చెప్పింది. లండన్ శివారులో వేల పౌండ్ల స్టవ్‌కు కూడా ఇది వర్తించదని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం పెట్టి ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది వాళ్లను కట్టెల పొగలోంచి బయటికి తేవడానికే. బ్రిటన్‌లో ఇళ్లలో కట్టెలో బొగ్గో కాల్చేది జనాభాలో సుమారు 8 శాతమేనని 2020లో ప్రభుత్వం వెలువరించిన సర్వేలో తేలింది. వాళ్లలో దాదాపు సగం పైతరగతుల వాళ్లే, అత్యధికులకు వేరే హీటింగ్ ఉంది. అవసరం కొద్దీ మనం వదిలించుకున్న పొగను అక్కడ ముచ్చట కొద్దీ తెచ్చుకుంటున్నారు.

ఎంత పొగ అన్న దాని మీద వాదన ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. బ్రిటన్‌లో నేరుగా వెలువడే పీఎం 2.5లో 38 శాతం ఇళ్లలో కట్టె, బొగ్గు కాల్చడం వల్లేనని 2019లో ప్రభుత్వమే ప్రకటించింది. లెక్కించే పద్ధతి సరిచేశాక కట్టెల వాటా 17 శాతానికి దిగింది. చూశారా, ఇదంతా అతిశయోక్తేనని స్టవ్‌ల వ్యాపారులు అన్నారు. సగానికి తగ్గినా ఇది చిన్న వాటా కాదు, అదీ నూటికి ఎనిమిది మంది చేసే పని వల్ల. ఒక్కో ఇంటి లెక్కకు వస్తే, ఇంగ్లండ్ చీఫ్ మెడికల్ ఆఫీసర్ క్రిస్ విట్టీ 2022 వార్షిక నివేదికను గాలి కాలుష్యం మీదే రాశారు. అంతే వేడి ఇచ్చే గ్యాస్ హీటింగ్‌తో పోలిస్తే ఎకోడిజైన్ స్టవ్ 450 రెట్లు, పాత స్టవ్ 3,700 రెట్లు ఎక్కువ కణాలు వదులుతాయని అందులో ఉంది. ఓపెన్ ఫైర్ ఇంకా ఘోరం. ఇల్లు కొన్నప్పుడే ఉన్న పాత స్టవ్‌ను తీసేసి కొత్తది పెడితే కాలుష్యం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. గ్యాస్ బాయిలరో హీట్ పంపో ఉన్న ఇంట్లో అదే స్టవ్ అదనంగా పెడితే వందల రెట్లు పెరుగుతుంది. నష్టం పక్కవాళ్లకే అని కూడా అనుకోవద్దు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డెఫ్రా ముద్ర ఉన్న స్టవ్‌లున్న 19 ఇళ్లలో కొలిస్తే, స్టవ్ వెలిగినప్పుడు గదిలో కణాలు సుమారు మూడు రెట్లయ్యాయి. కట్టె వేయడానికి తలుపు తీసిన ప్రతిసారీ ఎగబాకాయి.

ఇంత చెప్పాక కూడా కొనవలసినవాళ్లు ఉంటారు. వాళ్లు మొదట చూడాల్సింది సైజు. పెద్దది తీసుకుంటే మంచిదన్న నమ్మకం ఇక్కడ పూర్తిగా తప్పు. ఎనిమిది కిలోవాట్ల స్టవ్‌ను చిన్న హాల్లో పెడితే ఉడికిపోలేక గాలి తగ్గిస్తారు, మంట కుములుతుంది, అద్దం నల్లబడుతుంది. గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి పద్నాలుగుతో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు కావాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. గోడలకు ఇన్సులేషన్ బాగుంటే అంతకన్నా తక్కువే చాలు. మామూలు హాలుకు ఐదు కిలోవాట్లు మించనక్కర్లేదు. పాత ఇళ్లలో ఐదు దాటితే గోడకు శాశ్వతంగా గాలి రంధ్రం పెట్టించాల్సి వస్తుంది. గాలి చొరబడని కొత్త ఇళ్లలో చిన్న స్టవ్‌కు కూడా అది తప్పదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

రెండోది కట్టె. పచ్చి కట్టెలో సగం దాకా నీరే ఉంటుంది, మంట వేడి దాన్ని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. 2021 మే నుంచి ఇంగ్లండ్‌లో రెండు ఘనపు మీటర్ల లోపు అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదు, ‘రెడీ టు బర్న్’ గుర్తు ఉండాలి. పెద్ద మొత్తంలో లోడ్లుగా కొనేవాళ్లు తామే ఆరబెట్టుకోవాలి, ఏడాదికి పైగానే పడుతుంది. తేమ మీటర్ కొని మొద్దు పైన గుచ్చి చూస్తే లాభం లేదు. మొద్దును చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మీద గుచ్చాలి. రంగు వేసిన చెక్క, పాత ఫర్నిచర్ ముక్కలు కాల్చనే కూడదు. వెలిగించేటప్పుడు పెద్ద కట్టెలు కింద, సన్న పుల్లలు పైన పేర్చి పైనుంచి అంటిస్తే పొగ తగ్గుతుంది.

అభ్యంతరాల్లో బలమైనది కరెంటు గురించి. 2021 నవంబర్‌లో అర్వెన్ తుపాను వచ్చినప్పుడు ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. కొన్ని వేల ఇళ్లు వారానికి పైగా చీకట్లోనే ఉన్నాయి. కొత్త ఇళ్లలో కట్టెల స్టవ్‌లు లేకుండా స్కాట్లండ్ ప్రభుత్వం 2024లో నిబంధన తెస్తే పల్లెవాసులు మండిపడ్డారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అది న్యాయమే. అయితే ఒంటరిగా ఉన్న పల్లె ఇంటి అవసరాన్ని గోడకు గోడ ఆనుకున్న లండన్ వరస ఇళ్లకు వాదనగా తేకూడదు. కట్టె కార్బన్‌ను పెంచదు, చెట్టు మళ్లీ పెరుగుతుందని ఇంకో మాట. ఈ రోజు కాలిన చెట్టు స్థానంలో ఇంకోటి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది, అసలు పక్కింటి పిల్ల ఉబ్బసానికీ కార్బన్ లెక్కకూ సంబంధం లేదు. గ్యాస్ బిల్లు ఆదా అవుతుందనేవాళ్లు స్టవ్, చిమ్నీ లైనర్, బిగింపు, ఏటా చిమ్నీ శుభ్రం చేయించడం, కట్టెల ఖరీదు అన్నీ ఒక కాగితం మీద వేసి చూడాలి. ఉచితంగా కట్టె దొరికేవాళ్లకు తప్ప మిగిలేది పెద్దగా ఉండదు.

సెంట్రల్ హీటింగ్ బాగా పనిచేస్తున్న నగరపు ఇంట్లో ఉండేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, కొనొద్దు. అదే డబ్బు కిటికీలకు, అటకమీద ఇన్సులేషన్‌కు పెట్టండి. పాత స్టవ్‌ను మార్చాల్సినవాళ్లు, వేరే దారి లేనివాళ్లు ముందుగా తమ చిరునామా స్మోక్ కంట్రోల్ ఏరియాలో ఉందో లేదో కౌన్సిల్‌ను అడగండి. షాపువాళ్ల మాట మీద ఆగకుండా మోడల్ పేరును ప్రభుత్వ మినహాయింపు జాబితాలో మీరే వెతకండి. హెటాస్ వంటి సంస్థలో నమోదైనవాళ్లతోనే బిగించుకోండి. వాళ్లిచ్చే సర్టిఫికెట్‌ను జాగ్రత్త చేయండి, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయర్ మొదట అడిగే కాగితాల్లో అదొకటి.