బీడీల చాట ముందు నొచ్చిన దేహానికి వ్యాయామ చికిత్స

ఆదిలాబాద్ అడవులు తునికాకుకు ప్రసిద్ధి. ఆ ఆకును బీడీగా చుట్టే పని ఇటు నిర్మల్ మొదలుకొని అటు మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వరకు వేలాది ఇళ్లలో సాగుతోంది. ఆ పనిలో ఉన్నవారు అత్యధికం స్త్రీలే. మన ముస్లిం సోదరీమణులూ వారిలో ఎందరో ఉన్నారు. ఒడిలో చాట, వంచిన మెడ, ముందుకు ఒరిగిన వెన్ను, గంటల తరబడి కదలని మోకాళ్లు. కూలి వేయి బీడీల లెక్కన వస్తుంది గనుక మధ్యలో లేవాలంటే మనసొప్పదు. కాలక్రమంలో మెడ, భుజాలు, నడుము, మణికట్టు నొప్పులు స్థిరపడిపోతాయి.

అప్పుడు మనం చేస్తున్నదేమిటి? కొన్నాళ్లు నొప్పి మాత్రలు. తర్వాత ఫిజియోథెరపీ కేంద్రంలో వేడి కాపడం, కరెంటు పెట్టించుకోవడం. ఉపశమనం కలగగానే చికిత్స ముగిసిందనుకుంటాం. నిజానికి అసలు చికిత్స అక్కడే మొదలవుతుంది. కాపడం నొప్పిని తాత్కాలికంగా తగ్గిస్తుంది. బలహీనపడిన కండరానికి బలాన్నివ్వలేదు. ఆ పని వ్యాయామానిది. దానిని మానివేస్తే నొప్పి తిరిగి వస్తుంది.

వ్యాయామాన్ని వైద్యంలో భాగంగా చూడటం కొత్త విషయం కాదు. ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో ఆరోగ్య రక్షణ మార్గాలలో వ్యాయామాన్ని వివరంగా చర్చించారు.

చికిత్సా వ్యాయామాలు ప్రధానంగా నాలుగు విధాలు: బిగుసుకున్న కీలును కదిలించేవి, కండరాన్ని సాగదీసేవి, బలపరిచేవి, నడకలో నిలకడనిచ్చేవి. మోకాలి నొప్పికి తరచుగా సూచించే ఒక వ్యాయామాన్ని చూద్దాం. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద మడిచిన తువాలు ఉంచి, దానిని కిందికి అదిమి 5 సెకన్లు పట్టి వదలాలి. ఇలా 10 సార్లు. తొడ ముందరి కండరం బలపడితే మోకాలిపై భారం తగ్గుతుంది. అయితే ఎవరికి ఏది, ఎంత అన్నది ఫిజియోథెరపిస్టు పరీక్షించి నిర్ణయించాలి. పొరుగువారికి చెప్పిన వ్యాయామం మనకు సరిపడకపోవచ్చు. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, జ్వరం, మూత్రంపై అదుపు తప్పడం వంటివి కనిపిస్తే ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

నమాజులో వంగడం, లేవడం ఉన్నాయి కదా, వేరే వ్యాయామమెందుకని కొందరు అడుగుతుంటారు. నమాజు ఆరాధన, అది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయడానికి షరీఅత్ వెసులుబాటునిచ్చింది. ఆ వెసులుబాటును సంకోచం లేకుండా వినియోగించుకుంటూనే, మళ్లీ నిలబడగలిగే శక్తి కోసం చికిత్స కొనసాగించాలి.

మన దేహానికి మనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. ఇంటి స్త్రీ రోజూ అరగంట వ్యాయామం చేస్తే కొన్ని బీడీలు తగ్గుతాయి. ఆ మేరకు కూలీ తగ్గుతుంది. ఆ లోటును ఆమె ఒక్కతే భరించకూడదు. నీళ్లు మోయడం, గిన్నెలు తోమడం వంటి పనులను భర్త, పిల్లలు పంచుకుంటే ఆ అరగంట ఆమెకు దక్కుతుంది. ఆమె హక్కును ఆమెకు అందించడం కుటుంబమంతటి బాధ్యత.