మీకు తెలుసా? ఇంటి లోపలి గోడల సంగతులు

శ్లాబు పని పూర్తయ్యాక మేస్త్రీ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "లోపలి గోడలు నాలుగున్నరా, తొమ్మిదా సార్?" చాలామంది "అందరూ ఎలా కడితే అలాగే కట్టెయ్" అనేస్తారు. ఆ జవాబు చెప్పేముందు ఈ సంగతులు తెలుసుకోండి.

1. ఈ కొలతలు ఇటుక నుంచి వచ్చినవే. మన వాడుక ఇటుక, మాలుతో కలిపి, సుమారు 9 అంగుళాల పొడవు, 4½ వెడల్పు, 3 ఎత్తు. గోడ మందం ఇటుక వెడల్పంత ఉంటే నాలుగున్నర, పొడవంత ఉంటే తొమ్మిది. రెండు వైపులా అరంగుళం చొప్పున ప్లాస్టరింగ్ పడితే అవి 5½, 10 అంగుళాలవుతాయి. ద్వారబంధాలు చేయించేటప్పుడు లెక్కలోకి తీసుకోవలసింది ఈ కొలతనే.

2. ఒకప్పుడు ఇంటి బరువంతా గోడల మీదే. 1891లో షికాగోలో ఇటుక గోడల మీదే లేచిన 16 అంతస్తుల మొనాడ్‌నాక్ భవనానికి అడుగున గోడ మందం 6 అడుగులు! పిల్లర్లు, బీముల ఇళ్లలో ఆ బరువు వాటి మీదకు పోయింది. ఇలాంటి ఇంట్లో లోపలి గోడ మోసేది తన బరువునే.

3. ఆ సొంత బరువేమీ తక్కువ కాదు. 10 అడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల గోడ అడుగు పొడవుకు సుమారు 400 కిలోలు తూగుతుంది. అంటే 12 అడుగుల గది గోడ దాదాపు 5 టన్నులు. నాలుగున్నరైతే అందులో సగం. మేడ మీద, కింద బీము లేని చోట గోడ లేపాలనుకుంటే ముందు ఇంజినీరును అడగండి.

4. సన్నగోడ ఒక పూజగదిని మిగులుస్తుంది. లోపలి గోడలు మొత్తం 100 అడుగుల పొడవుంటే, తొమ్మిదికి బదులు నాలుగున్నర కట్టినందుకు 37 చదరపు అడుగులు మిగులుతాయి. ఆరడుగుల చదరపు గదికి అది చాలు. ఇంకో మాట: 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఫ్లాటు కార్పెట్ ఏరియాలో లోపలి గోడలు ఆక్రమించిన జాగా కూడా కలిసే ఉంటుంది.

5. చప్పుడును ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే అవతలికి వినబడే శబ్దం సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. హాల్లో టీవీ, గోడకు అటువైపు పెద్దవాళ్ల మంచం ఉంటే, ఆ ఒక్క గోడకైనా తొమ్మిదంగుళాలు ఇవ్వడం మంచిది.

6. గోడను ఎక్కువగా దెబ్బతీసేది పైపుల కోసం చెక్కే గాడి. భారం మోసే గోడలకు చెప్పే నియమం ఒకటుంది: నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. సన్నగోడకూ దీన్నే పాటిస్తే మేలు. నాలుగున్నరలో ఆరో వంతంటే ముప్పావు అంగుళమే. అంగుళం కరెంటు పైపు అడ్డంగా పట్టదు. అందుకే పైపులను శ్లాబు నుంచి నిలువుగా దింపించాలి. ఒకే చోట ఇటు ఒక స్విచ్ బాక్సు, అటు ఒకటి పెడితే మధ్యలో ఇటుక మిగలదు. ఈ గది మాట ఆ గదిలో వినిపిస్తుంది. బాత్రూంలో గోడ లోపల ఇమిడే ఫ్లష్ ట్యాంకు కావాలంటే ఆ గోడను ముందే మందంగా కట్టించుకోండి.

7. సన్నగోడకు బలమైన మాలు కావాలి. తొమ్మిదంగుళాల గోడకు సాధారణంగా 1:6 పాళ్లలో సిమెంటు, ఇసుక కలుపుతారు, నాలుగున్నరకు 1:4. మూడు నాలుగు అడుగులకొకసారి సన్న ఊచలతో కాంక్రీటు బెల్టు కూడా వేయాలి.

8. తేలిక ఇటుక స్వీడన్ నుంచి వచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో కనిపించే తెల్లటి ఏఏసీ బ్లాకుల మూలం 1920లలో స్వీడన్ ఆర్కిటెక్టు యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ కనిపెట్టిన పద్ధతి. ఎర్ర ఇటుక బరువులో ఇది సుమారు మూడో వంతు. బీముకు ఊరటే. కానీ అదే మందంలో చప్పుడును ఎర్ర ఇటుకంతగా ఆపదు. గీజరు, టీవీ బిగించేటప్పుడు దానికి తగిన బోల్టులే వాడాలి.

9. మందం ఒక్కటే బలం కాదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో వేలమందిని బలిగొన్నవి రెండడుగుల మందమున్న రాతి గోడలే. మట్టితో పేర్చిన ఆ రాళ్లకు ఒకదానితో ఒకటి పట్టు లేకపోయింది.

కాబట్టి ఇటుక దిగకముందే ప్లాన్ కాగితం ముందేసుకుని ప్రతి గోడ పక్కనా దాని పని రాయండి: చప్పుడు ఆపాలా, పైపు దాచాలా, ఊరికే గదిని విడదీయాలా? మేస్త్రీ అడిగినప్పుడు గోడ గోడకూ విడివిడిగా జవాబు చెప్పగలుగుతారు.