వంశవృక్షంలో అమ్మ వైపు కొమ్మ

నవీపేటలోనైనా బోధన్‌లోనైనా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ముందుగా అడిగేవి ఇంటిపేరు, గోత్రం. రెండూ నాన్న వైపు నుంచి వచ్చేవే. నాయనమ్మ వాళ్ల అమ్మది ఏ ఊరని అడిగితే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. నిజాంసాగర్ కాలువల కింద సాగు చేసుకోవడానికి 1930ల్లో కోస్తా జిల్లాల నుంచి వచ్చి వర్ని, బోధన్ చుట్టూ క్యాంపులు కట్టుకున్న కుటుంబాల్లోనూ ఇదే తీరు. మొదట భూమి కొన్న తాత పేరు అందరికీ తెలుసు. ఆయనతో పాటు వచ్చిన అవ్వ పుట్టింటి పేరు మాత్రం గుర్తుండదు.

ప్రతిదీ రాసిపెట్టుకునే అలవాటున్న ఈస్టిండియా కంపెనీ కుటుంబాల్లోనూ ఈ లోటు ఉంది. అందుకు మంచి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే దొరుకుతుంది.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. అన్న విలియం తర్వాత నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంట్ అయ్యాడు. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం కుదిర్చింది ఆయనే. కోఠీలోని రెసిడెన్సీ భవనం, అంటే మనకు తెలిసిన కోఠీ ఉమెన్స్ కాలేజీ, ఆయన హయాంలో మొదలైందే. హైదరాబాద్ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసా బేగంను ఆయన పెళ్లాడాడు. వాళ్లకు 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. ఇంట్లో సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలుచుకునేవారు.

1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. బయలుదేరే ముందు మద్రాసులో జార్జి చిన్నెరీ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలో ఇద్దరూ హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో మెట్ల మీద నిలబడి కనిపిస్తారు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. మరుసటి ఏడు లండన్‌లో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు. అప్పటినుంచి కొడుకు విలియం జార్జి, కూతురు కేథరిన్ అరోరా. ఆమెను అందరూ కిట్టీ అనేవారు. ఖైరున్నీసా 1813లో హైదరాబాద్‌లో కన్నుమూసింది. తల్లీబిడ్డలు మళ్లీ కలుసుకోలేదు.

వంశం వెతికేవాడికి అసలు చిక్కు ఇక్కడే. కంపెనీ కాలపు బాప్తిస్మం, పెళ్లి, ఖననం రిజిస్టర్లు బెంగాల్, మద్రాసు, బొంబాయి వారీగా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అయితే భారతీయ తల్లులకు పుట్టిన పిల్లల నమోదులో చాలాసార్లు తండ్రి పేరు పూర్తిగా ఉంటుంది, తల్లి దగ్గర స్థానిక స్త్రీ అన్న మాటే ఉంటుంది. పిల్లల పేర్లు కూడా మారిపోతే వెనక్కి వెళ్లే దారి అక్కడితో తెగిపోతుంది.

కిట్టీ విషయంలో దారి తెగకపోవడానికి కారణం అమ్మమ్మ. ఇంగ్లండ్ వెళ్లిన మూడున్నర దశాబ్దాల తర్వాత, 1840ల్లో, కిట్టీకీ హైదరాబాద్‌లో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. మనవరాలు ఇంగ్లిషులో రాస్తే అమ్మమ్మ ఫారసీలో రాయించింది. తల్లి జ్ఞాపకంగా ఆమె జుట్టు కావాలని కిట్టీ అడిగింది. తాను దాచుకున్న కూతురి జుట్టును అమ్మమ్మ పంపింది. ఆ ఉత్తరాలు వారసుల ఇంట్లో భద్రంగా ఉండబట్టే విలియం డాల్‌రింపుల్ 2002లో తన ‘వైట్ ముఘల్స్’ పుస్తకంలో ఈ కథను ఇంత వివరంగా చెప్పగలిగాడు.

ఆ జుట్టు జ్ఞాపకమే కాదు, శాస్త్రవేత్త చేతికి వస్తే సాక్ష్యం కూడా. కుదురు లేని వెంట్రుకలో సైతం మైటోకాండ్రియా డీఎన్ఏ ఏళ్ల తరబడి నిలుస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. దాని పొడవు 16,569 అక్షరాలు, అందులో జన్యువులు 37. అది అండం ద్వారా తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. వీర్యకణంలోని మైటోకాండ్రియా ఫలదీకరణ తర్వాత నశించిపోతాయి. చెరకు ముచ్చె నాటితే ఏ రకం గడ నుంచి కోశామో అదే రకం మొలుస్తుంది కదా, ఇదీ అలాగే కలగాపులగం లేకుండా తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి సాగుతుంది. ఎప్పుడో ఒకసారి అక్షరం మారుతుంది. ఆ మార్పులను బట్టే ఏ శాఖ ఎక్కడిదో గుర్తిస్తారు. వై క్రోమోజోము దాదాపు ఇదే పద్ధతిలో తండ్రి నుంచి కొడుకుకు వెళ్తుంది. మిగతా 22 జతల క్రోమోజోములు మాత్రం ప్రతి తరంలోనూ ముక్కలై కలుస్తాయి.

ఇప్పుడు కిర్క్‌పాట్రిక్ ఇంటికి లెక్క వేద్దాం. షరఫున్నీసా మైటోకాండ్రియా డీఎన్ఏ ఖైరున్నీసాకు, ఆమె నుంచి పిల్లలిద్దరికీ వచ్చింది. కిట్టీ కూతుళ్ల వరుసలో అది ముందుకు పోతుంది. విలియం జార్జి దగ్గర ఆగిపోతుంది. కిర్క్‌పాట్రిక్ వై క్రోమోజోము విలియం జార్జికి దక్కింది, కిట్టీకి రాలేదు. విలియం జార్జి కూతురి కొడుకును పరీక్షిస్తే ఈ రెండు ఆనవాళ్లలో ఒక్కటీ కనిపించదు. అలాగని అతను ఆ వంశం వాడు కాకుండా పోడు.

ఇలాంటి పరీక్షతో పతాక శీర్షికలకు ఎక్కిన పేరు సూరత్‌కు చెందిన ఎలైజా కెవార్క్. స్కాట్లండ్ వర్తకుడు థియొడోర్ ఫోర్బ్స్‌తో ఆమెకు పుట్టిన కూతురు కేథరిన్‌ను బ్రిటన్ పంపారు. ఆ కూతురి వరుసలో నేరుగా వచ్చిన ఆడబిడ్డ యువరాణి డయానా. ఎలైజా ఉత్తరాల్లో అర్మేనియా లిపి కనిపించడంతో ఆమెను అర్మేనియన్‌గానే చెప్పుకునేవారు. అదే తల్లి వరుసకు చెందిన బంధువులను పరీక్షిస్తే ఆర్30బీ అనే అరుదైన శాఖ బయటపడిందనీ, అది దక్షిణాసియాదనీ 2013లో ప్రకటించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ ఫలితం ఎలైజా తల్లి వైపు ఒకే ఒక గీత గురించి చెబుతుంది. ఆమె తండ్రి అర్మేనియన్ అయి ఉండవచ్చు, రెండూ నిజమే కావచ్చు. డయానా కొడుకు విలియంలో ఆ డీఎన్ఏ ఉన్నా ఆయన పిల్లలకు అది రాదు.

మిగతా డీఎన్ఏ సంగతి వేరు. తరానికి సగం చొప్పున వాటా తగ్గుతుంది. ఏడు తరాలు వెనక్కి వెళ్తే పూర్వికులు 128 మంది. ఒక్కొక్కరి వాటా సగటున 0.8 శాతం. పది తరాలకు 1,024 మంది. డీఎన్ఏ అప్పచ్చుల్లా సమానంగా పంచబడదు, పెద్ద ముక్కలుగా వస్తుంది. కాబట్టి ఆ 1,024 మందిలో సుమారు సగం మంది నుంచి మనకు ఒక్క ముక్క కూడా అంది ఉండదు. పరీక్షలో కనిపించనంత మాత్రాన ఆ పూర్వికుడు లేడని తేల్చడం తప్పు.

తెలుగు కుటుంబాల్లో ఇంకో మెలిక ఉంది, మేనరికం. మేనబావామరదళ్లు పెళ్లాడితే వాళ్ల బిడ్డకు ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిది మంది కాదు, ఆరుగురే. ఒకే పూర్వికుడి డీఎన్ఏ రెండు దారుల్లో వస్తుంది. విదేశీ కంపెనీల పరీక్షల్లో మనవాళ్లకు దూరపు చుట్టం దగ్గరి చుట్టంగా కనిపించడానికి ఇది ఒక కారణం. కులంలోనే పెళ్లిళ్లు తరాల తరబడి జరగడం రెండో కారణం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వారితో కలిసి 2009లో వెలువరించిన అధ్యయనం, మన దేశంలో అనేక సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగి బయటివారితో పెద్దగా కలవలేదని చూపింది.

అందుకే ముందు నోటి మాట, తర్వాత కాగితం, చివరగా డీఎన్ఏ. మన జిల్లాలో వెతికేవారికి 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ వంటి భూమి రికార్డులు, పాత బడి రిజిస్టర్లు పనికొస్తాయి. నిజాం కాలపు కాగితాలకు ఉర్దూ చదవగలిగినవారి సాయం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నాయి. కాశీ, గయ పండాల పుస్తకాల్లో యాత్రకు వెళ్లిన పెద్దల పేర్లు దొరకవచ్చు. డీఎన్ఏ పరీక్ష చేయించుకునే ముందు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. మీ నమూనాతో మీ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల సమాచారం కూడా కొంత బయటికి వెళ్తుంది. వాళ్లకో మాట చెప్పి చేయించుకోండి.

భూమి కాగితాల్లో ఎక్కువగా కనిపించేది మగవాళ్ల పేర్లే. ఆడవాళ్ల వరుస నోటి మాటగానే ఉంటుంది, చెప్పేవాళ్లు పోతే అదీ పోతుంది. ఈసారి బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చినప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్ద అవ్వను కూర్చోబెట్టి అడగండి: మీ అమ్మ పేరేమిటి, ఆమె అమ్మ పేరేమిటి, ఎవరిది ఏ ఊరు. చెప్పిన ప్రతి పేరూ తేదీ వేసి నోటుబుక్కులో రాసిపెట్టండి.